గుర్తు పెట్టని పక్క: మా ఎస్తేరు మేడం

ఎస్తేరు మేడం ఇక లేరన్న కబురు నాకు ఆపరేషన్ థియేటర్‌లో అందింది. అప్పుడు నా చేతుల్లో, పుట్టి వారమైనా నిండని ఒక పసికందు పేగు ఉంది. తల్లి గర్భంలో తిరగవలసినంత తిరగక, పుట్టాక తన చుట్టూ తానే మెలిపడి నల్లబడుతున్న పేగు. దాన్ని గడియారపు ముల్లుకు ఎదురు దిశలో మెల్లగా వెనక్కి తిప్పుతున్నాను. నలుపు పోయి ఊదా, ఊదా పోయి గులాబీ రంగు తేలుతున్నంతలో సిస్టరు ఫోను నా చెవి దగ్గర పెట్టింది. మేడం కూతురు గ్రేస్. "అంకుల్, అమ్మ ఎల్లిపోనాది" అని ఊరుకుంది. పేగును ఏ దిశకు తిప్పాలో నాకు నేర్పిన మనిషి, నేను ఆ దిశకే తిప్పుతున్న వేళ వెళ్ళిపోయింది. కుట్లు పూర్తిచేసి బయటికొచ్చి, చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను.

విశాఖలోని ఒక వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, ఆచార్యురాలిగా పదవీ విరమణ చేసిన విదుషీమణి ఆమె. పిండోత్పత్తి శాస్త్రం, అందులోనూ మనిషి జీర్ణనాళం గర్భంలో రూపుదిద్దుకునే వైనం, ఆమెకు ప్రాణం. సంతాప సభలో మాట్లాడిన వాళ్ళంతా ఆమెను చల్లని తల్లి అన్నారు. ఆమె చల్లని తల్లి అయితే నేను జిల్లా కలెక్టర్ని. ఆమెను చూస్తే మాకు భయం, ఆమె పాఠం వింటే ఇంకా భయం. అంతటి మనిషి పేరు మీద ఒక తప్పు ఉంది. యౌవనంలో పడి, ఉద్యోగ జీవితమంతా ఆమె వెంట నడిచిన తప్పు. అది నిజంగా తప్పేనా అని తేల్చగల ఆధారం మొన్న అంత్యక్రియల రోజున కాసేపు నా చేతిలో ఉంది. దాన్ని నేనేం చేశానో ఆమె శిష్యులందరికీ తెలియాలని గ్రేస్ పట్టుబట్టింది. ఈ నాలుగు మాటలూ అందుకే.

మా బ్యాచ్‌కు ఆమె చెప్పిన మొదటి పాఠం ఇప్పటికీ చెవిలో ఉంది. ఫ్యాన్లు ఆపించి, గది నిశ్శబ్దమయ్యాక, "మీకెవరికీ ఒకప్పుడు నోరు లేదు" అని మొదలుపెట్టారు. "మూడో వారంలో మీరొక బిళ్ళ. నాలుగో వారంలో ఆ బిళ్ళ అంచులు ముడుచుకుని గొట్టమైంది. పైన ఒక పొర, కింద ఒక పొర. రెండు కొసలా మూసిన గొట్టం. పై పొర ఎవరూ కోయకుండానే చిరిగింది. అదే మీ నోరు. కొన్నాళ్ళకు కింద పొర చిరిగింది. ఈలోగా ఆహారనాళం లోపలి గోడలు పెరిగి పెరిగి దారి పూడుకుపోయింది. మళ్ళీ దానంతటదే తెరుచుకుంది. తెరుచుకోకుంటే మీరు ఈ బెంచీల మీద కాక పక్కగదిలో ఉండేవాళ్ళేమో." పక్కగది అంటే మ్యూజియం. అక్కడ సీసాల్లో ఎవరుంటారో మేము అప్పటికే చూసి వచ్చాం.

ఆమె భర్త ప్రకాశం గారు పోర్టులో క్రేను నడిపేవారు. ఆయన తెచ్చిచ్చిన ఓడ తాడు ముక్క ఒకటి ఎప్పుడూ ఆమె సంచిలో ఉండేది. ఆరో వారంలో కడుపులో చోటు చాలక పేగు బొడ్డుతాడులోకి వెళ్ళిపోతుందని చెబుతూ, నన్ను ముందుకు పిలిచి, ఆ తాడును నా చొక్కా గుండీల సందులోంచి మెలికగా బయటికి లాగారు. అది అక్కడే పెరుగుతుందట. అక్కడే ఎడమకు మలుపు తీసుకుంటుందట. పదో వారంలో ఇంకా తిరుగుతూ తిరుగుతూ లోపలికి వచ్చేస్తుందట. చిన్నపేగు ముందు, అపెండిక్స్ ఉన్న పెద్దపేగు మొదలు అందరికన్నా చివర. "నెల రోజులు మీ పేగులు మీ ఒంటికి బయట బతికాయి. గుర్తుందా?" అని అడిగారు. గాజువాక నుంచి బస్సులో వచ్చే మేము, గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో చేరినవాళ్ళ పిల్లలం, అన్నిటికీ నవ్వేవాళ్ళం గానీ, దానికి నవ్వలేదు. ఆ వారమంతా మాలో చాలామంది స్నానం చేస్తూ బొడ్డు తడిమి చూసుకున్నారని తర్వాత ఒకరికొకరం ఒప్పుకున్నాం.

ఆ పాఠం చివర ఆమె ఏటా ఒకే ప్రశ్న వేసేవారు. "బయటికి వెళ్ళిన పేగును వెనక్కి ఎవరు పిలిచారు?" తెలివైన వాళ్ళు లేచి, కాలేయం పెరుగుదల నెమ్మదిస్తుందని, కడుపులో జాగా ఏర్పడుతుందని చెప్పేవారు. "అది చోటు దొరకడం. చోటు దొరికినంత మాత్రాన అందరూ ఇంటికొస్తారా?" అనేవారు. జవాబు ఆమే చెబుతారని మేము ఎదురుచూసేవాళ్ళం. పుస్తకం మూసి వెళ్ళిపోయేవారు. శాస్త్రం తెలిసిన మనిషి ఆ మాట అడుగుతున్నప్పుడు పక్కగది వైపు ఎందుకు చూస్తుందో మాకు అంతుపట్టేది కాదు.

ఆమె క్రైస్తవురాలు. వన్ టౌన్‌లో చర్చి వెనక ఇరుకు సందులో పుట్టి, అక్కడే కాపురం చేసి, అక్కడే కన్నుమూశారు. ఈస్టరు వస్తుందంటే ఆ పేటవాళ్ళు తమ వాళ్ళ సమాధుల మీద గడ్డి పీకి, సున్నం వేసి, పూలు సర్దుతారు. మేడం ఆ పని ముగించుకుని, సున్నం మరకల చీరతోనే కాలేజీకి వచ్చి, మ్యూజియంలో సీసాలన్నీ తన చేత్తో తుడిచేవారు. పిండాలు చెడకుండా సీసాల్లో పోసిన మందు ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా ఇగిరిపోతుంది. ఏ పిండం తలైనా మందు పైకి తేలి పొడిబారి కనిపిస్తే ఆమెకు పట్టరాని కోపం వచ్చేది. "దాహమేసింది గావాల పిల్లకి, నీకు కళ్ళు నేవా?" అని అటెండరు అప్పలరాజు మీద విరుచుకుపడేవారు. అతను వణుకుతూ మందు పోసేవాడు. పోస్తున్నంతసేపూ ఆమె ఆ సీసాతో మెల్లగా ఏదో మాట్లాడేవారు.

మ్యూజియం వెనక ఒక చిన్న గది ఉండేది. అక్కడ బల్ల మీద తడిగుడ్డ కప్పిన తేనెమైనపు బొమ్మ ఒకటి ఉండేది. ఎనిమిదో వారపు పిండం, అసలుకన్నా ఎన్నో రెట్లు పెంచి చేసింది. లోపల గుండె, కాలేయం, బొడ్డుతాడులోకి పొడుచుకొచ్చిన పేగు మెలిక, అన్నీ విడివిడిగా కనిపించేవి. మా ఊరి ఎండలకు మే నెలలో మైనం మెత్తబడి ఆ మెలిక కాస్త జరిగేది. "అది తిరుగుతంది బాబూ. నిన్న సూసినప్పుడు ఇటుండేది. నాను లోనికెల్లను" అనేవాడు అప్పలరాజు. వేడికి మైనం సాగుతుందని నేను అతనికి శాస్త్రం బోధించాను. బోధించాను గానీ, ఆ గదిలోకి నేనూ ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ బొమ్మే ఆమె తప్పు. దాని కథ ఆమె దాచలేదు, ఏటా క్లాసులో చెప్పేవారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక పిండాన్ని పారఫిన్ మైనం దిమ్మలో పొదిగి, యంత్రం మీద సన్నని పొరలుగా కోసి, వరసగా గాజు పలకల మీద అంటించారు. ఒక్కో పొరనూ పెద్దదిగా గీసి, ఆ గీత ప్రకారం మైనపు రేకులు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ బొమ్మ చేశారు. పూర్తయ్యాక చూస్తే అంతా తారుమారు. గుండె కుడికి, కాలేయం ఎడమకు, పేగు తిరగవలసిన దిశకు ఎదురు దిశలో. అలాంటి పిల్లలు అరుదుగా నిజంగానే పుడతారు. అయితే మామూలు పిండం పొరలనే కింది నుంచి పైకి పేర్చినా సరిగ్గా ఇలాంటి బొమ్మే వస్తుంది. రెంటికీ ఏ తేడా ఉండదు. అందుకే కోసే ముందు దిమ్మకు ఒక పక్క చిన్న గాటు పెడతారు. ఆ గాటు ప్రతి పొరలోనూ కనిపించి, ఏది కుడో ఏది ఎడమో చెబుతుంది. మేడం ఆ ఒక్క దిమ్మకూ గాటు పెట్టలేదు. తనిఖీకి వచ్చిన పెద్దాయన ఎవరో బొమ్మ చూసి, "అమ్మా, రేకులు తిరగేసి పేర్చినట్టున్నావు" అని అందరి ముందూ నవ్వి, దాన్ని మ్యూజియంలోంచి తీయించారు. ఆ నవ్వు కాలేజీలో చాలా ఏళ్ళు తిరిగింది.

"గుర్తు పెట్టు, ఆ తర్వాతే కత్తి పెట్టు" అని ఆమె మాకు పదేపదే చెప్పడం అందుకే. ఎందరో సర్జన్లు ఇవాళ తప్పు పక్క కోయకుండా ఉన్నారంటే ఆ మాటే కారణం. గురువు తన పరాభవాన్నే పాఠ్యాంశం చేసి శిష్యులకు పంచిపెట్టడం నేను మరెక్కడా చూడలేదు. ఇంత జాగ్రత్త గల మనిషి ఆ ఒక్కసారి గుర్తెలా మరిచిపోయిందని మాత్రం ఎవరమూ అడగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, నేను పిల్లల సర్జన్‌గా స్థిరపడ్డాక, ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ నుంచి ఒక ఇంటర్మీడియట్ అమ్మాయిని తోటి పిల్లలు ఆటోలో నా దగ్గరికి తెచ్చారు. గ్రేస్. పొత్తికడుపులో ఎడమ పక్క విపరీతమైన నొప్పి. మూలుగుతూనే, "నాకు లోనంతా అటూ ఇటూ ఉంటాది అంకుల్. డాక్టర్లకి ముందే సెప్పమంది అమ్మ" అంది. స్టెతస్కోపు ఎడమ పక్క పెడితే ఏమీ వినిపించలేదు. కుడి పక్క గుండె గట్టిగా కొట్టుకుంటోంది. అంటే అపెండిక్స్ వాపు, జనం ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారే, అదే, ఎడమ పక్కన. మేడం వచ్చేలోపు కడుపు తెరిచాను. తెరిచి, ఒక్క క్షణం చెయ్యి ఆపేశాను. ఆ అమరికను నేను అంతకుముందు చూశాను. పుస్తకంలో కాదు. తడిగుడ్డ కింద, మైనంలో. అక్కడ ఎదురు దిశలో మొదలైన మలుపు ఇక్కడ ఎదురు దిశలోనే పూర్తయి, బతికి, వెచ్చగా నా వేళ్ళ కింద కదులుతోంది.

ఆపరేషన్ బాగా జరిగింది. వరండాలో మేడం నిలబడి ఉన్నారు. ఎడమ పక్కనే దొరికిందని చెప్పాను. ఆమె తల ఊపారు. దీన్ని ముందే ఎక్కడో చూసినట్టనిపించిందని కూడా అన్నాను. క్లాసులో మాతో ఎన్నడూ మాట్లాడని పేట మాట అప్పుడు ఆమె నోట వచ్చింది.

"అయితే నీకు తెలిసిపోనాది. గ్రేస్ కన్నా ముందొచ్చినోడు వాడు. నిలవనేదు. జారిపోతుంటే నానే దోసిట్లో పట్టినాను. ఎవరికీ ఇవ్వబుద్ధి కానేదు. మొకం ఎలాగూ సూడ్నేదు, లోపలైనా సూద్దారనుకున్నాను."

గుర్తు సంగతి ఆమే చెప్పారు. దిమ్మ చేతిలోకి తీసుకుని గాటు పెట్టబోతే, బిడ్డకు గాయం చేస్తున్నట్టనిపించి చెయ్యి వెనక్కి వచ్చేసిందట. "అంతా కోసినదానివి గాటు పెట్టలేకపోయావా అనడుగుతావేమో. అడక్కు" అన్నారు. ప్రకాశం గారికి ఈ సంగతి తెలుసో లేదో నేనూ అడగలేదు. గ్రేస్ ఇలా పుట్టింది గనక, ఆ బొమ్మ కూడా నిజమే అయ్యుంటుందని, మీ తప్పేమీ లేదని ఇప్పుడైనా చెప్పుకోవచ్చు కదా అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. చెల్లెలు ఇలా ఉంటే అన్న కూడా ఇలాగే ఉండాలని ఏ పుస్తకంలో ఉందని నిలదీశారు. పొరలు తను తిరగేసిందో, బిడ్డే తిరిగి ఉన్నాడో తనకు తెలియదని, తెలియదన్నదే నిజమని, అంతకు మించి ఒక్క అక్షరం చెప్పినా అబద్ధమవుతుందని అన్నారు. ఆ పరిశుద్ధత ముందు నేను చిన్నవాణ్ణయిపోయాను.

పదవీ విరమణ రోజున ఆమె ఆ బొమ్మనూ, గాజు పలకల పెట్టెనూ ఇంటికి తీసుకుపోయారు. బొమ్మను పెద్దగా పట్టించుకోలేదు. కరెంటు లేని వేసవుల్లో అది కొద్దికొద్దిగా కుంగి, ఆకారం చెరిగి, చివరికి ముద్దయిపోయింది. అది తన చేతి పని, పోతే పోనీ అనేవారు. పెట్టెను మాత్రం బీరువాలో, గ్రేస్ చిన్నప్పటి గౌన్ల మధ్య దాచారు. ఈమధ్య కొన్నేళ్ళుగా ఇలాంటి తారుమారు వెనక ఉండే జన్యువులను పరీక్షించడం సులువైంది. పాత పలక మీది కణజాలం కొంచెం గీరి, గ్రేస్ రక్తంతో పోల్చి చూస్తే ఆ బిడ్డ సంగతి తేలవచ్చు. ఒకసారి ఆ ఇంట్లో టీ తాగుతూ ఈ మాట కదిపాను. ఆమె కప్పు కింద పెట్టి, "వాణ్ణి ఇంకా ఎంత కోస్తావు శీనూ?" అన్నారు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

జబ్బు ముదిరాక, మంచం మీద నుంచే ఆమె గ్రేస్‌కు అన్నీ చెప్పారు. ముప్పై ఏళ్ళు దాటిన గ్రేస్ అప్పటిదాకా తనకొక అన్న ఉన్నాడని ఎరగదు. నేను చూడటానికి వెళితే మేడం ప్రశాంతంగానే ఉన్నట్టు కనిపించేవారు. నేను వచ్చేశాక మాత్రం స్పృహ తప్పుతూ తేలుతూ కూతుర్ని ఒకటే అడిగేవారట, తను తిరగేసిందా, వాడే తిరిగున్నాడా అని. ఈ సంగతి గ్రేస్ నాకు అంత్యక్రియల ఉదయం చెప్పింది.

శవపేటికకు మేకులు కొట్టబోయే ముందు గ్రేస్ అందరినీ బయటికి పంపి నన్ను లోపలికి పిలిచింది. మేడం తెల్లచీరలో, ఎప్పుడూ లేనంత పొట్టిగా కనిపించారు. గ్రేస్ చేతిలో గాజు పలకల పెట్టె ఉంది. అమ్మతో పాటు అన్ననూ మట్టికివ్వాలని నిర్ణయించుకుంది. ఆ పిల్ల నిర్ణయానికి నేను మనసులో దండం పెట్టుకున్నాను. అప్పుడు తను ఆ మాట అంది.

"ఒక్క పలక తీసుంచండి అంకుల్. పరీక్ష సేయించండి. అమ్మ ఆకరిదాకా అదే అడిగింది. తప్పు సెయ్యనేదని తేలాలి."

నేను ఒక పలక తీసి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. ఎండిన గులాబీ రేకు రంగులో, పెసరగింజంత చుక్కలు వరసగా ఉన్నాయి. వాటి మధ్యలో చీకటి బిందువులు. ఒకటి పేగు కావచ్చు. పలకను తిరగేశాను. బిడ్డ తిరిగాడు. మళ్ళీ తిరగేశాను. మళ్ళీ తిరిగాడు. ఎటు చూసినా వాడు సరిగ్గానే ఉన్నట్టూ, ఎటు చూసినా తప్పుగా ఉన్నట్టూ అనిపించింది. నాకు తెలుసుకోవాలని ఉంది. శిష్యుడిగా ఉంది, వైద్యుడిగా ఇంకా ఉంది. ఆ నవ్విన పెద్దాయన ఎక్కడున్నా వెళ్ళి కాగితం ముందు పెట్టాలని ఉంది. నాతో ఆమె వద్దన్నారు. కూతురితో కావాలన్నట్టు కలవరించారు. రెండూ ఆమె మాటలే. ఇందులో ఏది ఉంచుకోను? ఏ పలక తీసినా ఆ బిడ్డలో ఒక భాగం బయట ఉండిపోతుంది.

పలకను దాని గాడిలో పెట్టి మూత వేశాను. గ్రేస్ ఏడవలేదు, నన్ను కోపంగా చూసింది. "మీకు తెలుసుకోవాలని నేదా?" అంది. ఉందన్నాను. "అయితే రాయండి. అందరికీ తెలిసేటట్టు రాయండి" అంది. పలకల పెట్టెను అమ్మకు ఎటు పక్క పెట్టాలని తర్వాత అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే, తన గుండె ఉన్న పక్కనే, తల్లి కుడిచేతి కింద పెట్టింది.

మేము నలుగురం శవపేటికను ఎత్తుకుని ఆ ఇరుకు సందులోంచి నడిచాం. అడుగు తడబడ్డప్పుడల్లా లోపల గాజు సన్నగా మోగింది. ముందున్న వాళ్ళకు వినిపించినట్టు లేదు. పాస్టరు గారు ఒక్క పేరుతోనే ప్రార్థన చేశారు. గ్రేస్ రెండు పిడికిళ్ళ మట్టి వేసింది, ఎందుకని ఎవరూ అడగలేదు.

మేడం, మీ శిష్యకోటి తరఫున మీకు సాష్టాంగ ప్రణామం. మీ తర్వాత కూడా ఆ పాఠం చెప్పేవాళ్ళుంటారు. కానీ ఆ పలకను తిరిగి పెట్టెలో పెట్టి మూత వేయడం సరైనదో కాదో నాకు తెలియడం లేదు. తిట్టయినా సరే, అది చెప్పగల మనిషి ఒక్కరే ఉండేవారు. నా చేతులతోనే మోసుకెళ్ళి, ఆమెను మట్టిలో పెట్టి వచ్చాను.